అది బాణాసంచా కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో సముద్రాన్ని గీసిన చిత్రకారుల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. ఇలాంటివి ఈమధ్య ఎవరూ వెయ్యడం లేదు, అందుకు ముందుగా థాంక్స్. అయితే రెండో పేజీలో ఒక బొమ్మ కింద ‘వెనిస్ ఉత్సవంలో బాణాసంచా వెలుగులు’ అని ఉంది. చిత్రకారుడి పేరు ‘కాఫీ’ అని ఉంది. మా ఆవిడ అది చూసి, ‘‘పొద్దున్నే రెండు గ్లాసులు పడితేగానీ లేవని మీకు తగ్గ పేరే’’ అని నవ్వింది. పేరుదేముంది, కాఫ్ఫి అని కాస్త ఒత్తి పలికితే సరిపోతుంది. ఇప్పోలితో కాఫ్ఫి. నా బాధ పేరు గురించి కాదు. ఆ బొమ్మలో ఉన్నది బాణాసంచా కాదండీ, బాంబులు.

చూడగానే తేడా తెలియకపోవడం పెద్ద తప్పేమీ కాదు. నేనూ మొదటిసారి అలాగే అనుకున్నాను. కానీ దీపావళి నాడు డాబా ఎక్కి చూసేవాళ్లం కదా, తారాజువ్వ కింద మొదలై పైకి పోయి, అక్కడే విచ్చుకుని ఆరిపోతుంది. మోర్టారు గుండు అలా కాదు. ఒక గట్టు మీద లేచి, విల్లులా వంగి, ఇంకో గట్టు మీద పడి అక్కడ పేలుతుంది. ఆ రోజుల్లో గుండుకి వత్తి ఉండేది. అది కాలుతూనే గాల్లో పోతుంది కాబట్టి రాత్రిపూట గుండు దారంతా గీత గీసినట్టు కనిపించేది. బాణాసంచా పైన పేలుతుంది, బాంబు కింద పేలుతుంది. ఆ తేడా మనసులో పెట్టుకుని బొమ్మని ఇంకోసారి చూడండి.

ఆ చిత్రం మర్ఘెరా కోట మీద రాత్రిపూట జరిగిన బాంబుల దాడి. 1849 మే 24న మొదలైన దాడి అది. వెనిస్ ఊరంతా నీళ్ల మీద ఉంటుంది, దాని చుట్టూ ఉన్నది నడిసముద్రం కాదు, మన పులికాట్ లాంటి ఉప్పునీటి కయ్య. చాలాచోట్ల మనిషి నడుముకి మించి లోతుండదు. ఆ కయ్యకి నేలవైపు అంచున ఉన్నది మర్ఘెరా కోట. అంతకు మూడేళ్ల ముందే, 1846లో, ఊరికీ నేలకీ మధ్య రైలు వంతెన కట్టారు. ఆ వంతెనకి కాపలా ఈ కోటే. 1848 మార్చిలో వెనిస్ జనం ఆస్ట్రియా పాలన మీద తిరగబడి తమది రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు. మరుసటి వేసవికి ఆస్ట్రియా సైన్యం కోటని చుట్టుముట్టింది. మూడు రోజులు రాత్రీ పగలూ గుండ్లు కురిపిస్తే కోటలో ఉన్నవాళ్లు ఇక నిలబడలేక 26 రాత్రి ఖాళీ చేసి ఊళ్లోకి వెళ్లిపోయారు. శత్రువు వెంటరాకుండా, కట్టి మూడేళ్లు దాటిందో లేదో, ఆ వంతెన కమానులు కొన్ని తామే పేల్చేసుకున్నారు. కాఫ్ఫి అప్పుడు వెనిస్‌లోనే ఉన్నాడు.

క్యాప్షన్ రాసిన కుర్రాణ్ణి మాత్రం ఏమీ అనకండి. కాఫ్ఫికి రాత్రి వెలుగులంటే మహా పిచ్చి. రోమ్‌లో కార్నివాల్ చివరి రాత్రి జనమంతా వెలిగించిన చిన్న కొవ్వొత్తులు పట్టుకుని వీధిలోకి వచ్చి, ఒకరి కొవ్వొత్తి ఒకరు ఊదేసుకుంటూ గోల చేసేవారట. ఆ దృశ్యాన్ని 1837లో వేశాడు. అది ఎంత నచ్చిందంటే అడిగినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ వేసివ్వాల్సి వచ్చింది. నలభైకి పైగా ప్రతులు చేశాడని చెబుతారు. ఒకే బొమ్మ నలభైసార్లు వెయ్యడం నా ఉద్దేశంలో గొప్ప కాదు, బతుకుతెరువు. వెనిస్‌లో రాత్రి ఉత్సవం, మతాబుల వెలుగు పడ్డ నీళ్లు కూడా వేశాడు. అందుకే ఎవరైనా పొరబడతారు. కానీ ఈ పొరపాటు అలా వదిలేస్తే ఆ మనిషి బతుకంతా తలకిందులైపోతుంది. అందుకే ఇంత ఉత్తరం.

నేను బొమ్మల పండితుణ్ణి కాను. మెరైన్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను, ఉండేది భీమిలిలో. నాకు మర్ఘెరా 1987లోనే తెలుసు. కోటగా కాదు, రేవుగా. మా ఓడ అక్కడ బొగ్గు దించింది. అక్కడ చూసినవి క్రేన్లు, చిమ్నీలు, కెమికల్ ఫ్యాక్టరీల వాసన. ఒక సాయంత్రం షోర్ లీవ్ దొరికితే బస్సెక్కి వంతెన మీదుగా వెనిస్ వెళ్లి, జనం మధ్య నడిచి, నలుగురికి గాజు పూసల దండలు కొనుక్కుని తిరిగొచ్చాను. మ్యూజియం గడప తొక్కలేదు.

మళ్లీ అదే రేవుకి 2016లో వెళ్లాను, అప్పటికి చీఫ్ ఇంజనీరుని. విడిభాగం ఏదో రావడం ఆలస్యమై ఓడ నాలుగు రోజులు ఆగింది. సెయింట్ మార్క్ చౌక్‌లో కొర్రేర్ మ్యూజియం బయట పెద్ద పోస్టరు చూశాను. కాఫ్ఫి చనిపోయి 150 ఏళ్లయిన సందర్భంగా ఆయన బొమ్మలు చాలా ఒకచోట పెట్టారు. నిజం చెప్పాలంటే బయట వాన పడుతోంది, అందుకే లోపలికి వెళ్లాను. గదులు దాటుకుంటూ పోతుంటే ఒక చీకటి బొమ్మ కింద చీటీ మీద ‘మర్ఘెరా’ అన్న మాట కనిపించింది. మా రేవు! రోజూ లాగ్ బుక్కులో రాసే పేరు. బాణాసంచా అనుకుని దగ్గరికెళ్లి చూసి అక్కడే ఆగిపోయాను.

మీ వ్యాసంలో ఆయనది ‘వెనిస్’ అని రాశారు. పుట్టింది వెనిస్ కాదు, బెల్లూనో. 1809లో. కొండల ఊరు, పియావే నది ఒడ్డున ఉంటుంది. ఆ కొండల్లో నరికిన దుంగల్ని తెప్పలుగా కట్టి అదే నది మీద వెనిస్ ఓడలు కట్టే చోటికి పంపేవారు. అంటే సముద్రం చూడకముందే సముద్రానికి పోయే కలపని చూస్తూ పెరిగిన పిల్లాడన్నమాట. పాదువాలో బంధువు దగ్గర పని నేర్చుకుని, వెనిస్ అకాడమీలో చదివి, 1832లో రోమ్ చేరాడు. బొమ్మలో దూరం ఎలా చూపించాలో, అంటే పర్‌స్పెక్టివ్, దాని మీద పాఠాల పుస్తకం కూడా రాశాడు. నాలాంటివాడికి ఆ బొమ్మలు వెంటనే అర్థం కావడానికి కారణం అదే అనుకుంటాను. ఏ గీత ఎక్కడికి పోతుందో లెక్క ఉంటుంది. మనుషులు మాత్రం చాలావరకు చిన్న చిన్న చుక్కలే. ముఖాలు వెయ్యడం ఆయనకి పెద్దగా పట్టినట్టు లేదు.

ఒకచోట ఉండే రకం కాదు. 1843లో బయల్దేరి ఏథెన్స్, కాన్‌స్టాంటినోపుల్, జెరూసలేం, ఈజిప్ట్ అన్నీ తిరిగాడు. చాలా బొమ్మలు కాగితం మీద నూనె రంగులతో వేసి, తర్వాత గుడ్డకి అంటించినవి. పెట్టెలో పెట్టుకుని మోసుకుపోయే సైజు. మంచు పడ్డ రోజున పొగమంచులో గ్రాండ్ కెనాల్ వేశాడు. రోమ్‌లో 1847లో బెలూన్ ఎగరేస్తే అదీ వేశాడు. ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. 1849లో అదే వెనిస్ మీద ఆస్ట్రియా వాళ్లు మనుషులు లేని బెలూన్లకి బాంబులు కట్టి వదిలారు. గాలి ఎటు తిరిగితే అటు పోయి పెద్దగా నష్టం చెయ్యలేదు. ఆకాశం నుంచి ఒక ఊరి మీద బాంబులు వెయ్యాలని చూడడం చరిత్రలో అదే మొదటిసారని అంటారు.

1842 జూలై 8 పొద్దున్నే వెనిస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. కాఫ్ఫి ఊరికి ఉత్తరపు గట్టున, ఫోందమెంతే నోవే మీద నుంచి కనిపించిన గ్రహణాన్ని బొమ్మకట్టాడు. గట్టు మీద జనం, పొద్దున పూట చీకటి, నీళ్లకి ఏ రంగూ కాని ఒక రంగు. అది చూస్తుంటే నాకు 1980 ఫిబ్రవరి గ్రహణం గుర్తొచ్చింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మా అమ్మ తలుపులు వేసి, తాగే నీళ్లలో దర్భలు వేసి, మీసాలొచ్చిన కొడుకుని గడప దాటనివ్వలేదు. అమ్మని అనడం లేదు, ఆ రోజు మా వీధిలో కుక్క కూడా బయట లేదు.

నన్ను పట్టుకున్నది ఇదే. అందరూ లోపలికి పరిగెత్తేవేళ ఈయన బయటికి నడిచాడు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖలో పెద్ద చప్పుడు విన్నవాళ్లు మీ పాఠకుల్లో ఇంకా చాలామందే ఉంటారు. మేము అప్పుడు వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు. కిటికీలకి నల్ల కాగితాలు, ఊరంతా చీకటి. ఇల్లు అదిరింది. మా నాన్న నన్నూ చెల్లినీ మంచం కిందికి తోసి మా పక్కనే బోర్లా పడుకున్నారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని తర్వాత తెలిసింది. సముద్రం మీద యుద్ధం మా ఇంటి పక్కనే జరిగింది, నేను చూసింది మంచం కోడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఓడల మీద గడిపాను. అప్పుడూ పెద్దగా చూసిందేమీ లేదు. ఇంజన్ రూమ్‌కి కిటికీ ఉండదు. తుపాను వస్తే మాకు అది గేజుల్లో కనిపిస్తుంది, ప్రొపెల్లర్ నీళ్ల పైకి లేచి ఇంజన్ ఒక్కసారి గింజుకున్నప్పుడు కాళ్లకి తెలుస్తుంది. అంతే.

1849 ఆగస్టులో, ఆకలికీ కలరాకీ తట్టుకోలేక వెనిస్ లొంగిపోయింది. తిరుగుబాటులో కాఫ్ఫి బొమ్మలు వేస్తూ కూర్చోలేదు. 1848లోనే తుపాకీ పట్టి పోరాటానికి వెళ్లి, ఆస్ట్రియా వాళ్లకి దొరికిపోయి, తప్పించుకొచ్చాడు. ఊరు పోయాక ఉండనివ్వరు కదా. జెనోవా, టురిన్, లండన్, పారిస్ అలా తిరిగాడు. 1858లో తిరిగొస్తే రెండేళ్ల తర్వాత జైల్లో పెట్టారు. బయటికొచ్చి మళ్లీ వెళ్లిపోయాడు.

మీ వ్యాసంలో ఆయన ‘సముద్ర ప్రమాదంలో మరణించాడు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ప్రమాదం కాదు.

1866లో ఇటలీ, ప్రష్యాతో కలిసి, ఆస్ట్రియా మీద యుద్ధానికి దిగింది. దేనికోసమంటే వెనిస్ కోసం. జూన్ 24న కుస్తోజాలో నేల మీద ఓడిపోయింది. సముద్రం మీదైనా గెలవాలని నౌకాదళాన్ని ఆడ్రియాటిక్‌లోని లిస్సా ద్వీపం మీదికి పంపింది. ఇప్పుడది క్రొయేషియాలో విస్. ఈ యుద్ధాన్ని కళ్లారా చూసి బొమ్మ వెయ్యాలని కాఫ్ఫి ఓడెక్కాడు. ఎక్కింది ‘రే దితాలియా’, అంటే ‘ఇటలీ రాజు’. అడ్మిరల్ పెర్సానో ఉన్న ఓడ. న్యూయార్క్‌లో కట్టించారు. చెక్క ఓడకి పైన ఇనుప కవచం తొడిగారు. వెనక చుక్కాని దగ్గర మాత్రం రక్షణ సరిగా లేదు. ఓడలు చూసిన ఎవడైనా మొదట అడిగేది అదే: పక్కలకి అంత ఇనుము వేసి, తిప్పే చుక్కానిని అలా ఎలా వదిలారయ్యా అని.

జూలై 20 పొద్దున. రెండు రోజులుగా ద్వీపం మీది కోటలని కొడుతూ ఇటలీ వాళ్లు అలసిపోయి ఉన్నారు. వానమబ్బు విడిచేసరికి తెగెట్‌హోఫ్ నడిపే ఆస్ట్రియా ఓడలు బాణంమొనలా వరస కట్టి వస్తున్నాయి. సరిగ్గా అప్పుడు పెర్సానోకి ఏం తోచిందో, ‘రే దితాలియా’ దిగి ‘అఫోందతోరే’ అనే ఇంకో ఓడలోకి మారాడు. ఆ మారే హడావిడిలో వరసలో ఖాళీ ఏర్పడింది. ఆయన ఎక్కడున్నాడో తన కెప్టెన్లలో చాలామందికి తెలియదు. వాళ్లు పాత ఓడ వైపే సిగ్నల్ కోసం చూస్తున్నారు. (‘అఫోందతోరే’ అంటే ‘ముంచేది’ అని అర్థం. ఆ రోజు అది ఎవరినీ ముంచలేదు.)

పొగలో ‘రే దితాలియా’ చుక్కాని దెబ్బతింది. తిరగదు. ముందుకీ వెనక్కీ తప్ప వేరే దారి లేదు. ఎదురుగా శత్రువు ఓడ అడ్డం రావడంతో కెప్టెన్ ఫా ది బ్రూనో ఇంజన్ రివర్స్ చెయ్యమన్నాడు. ఇక్కడ నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు. ముందుకి పోతున్న ఓడకి ‘ఫుల్ ఎస్టర్న్’, అంటే పూర్తి బలంతో వెనక్కి, ఇస్తే అది వెంటనే వెనక్కి పోదు. ముందు వేగం చస్తుంది, తర్వాత ఓడ నిలబడుతుంది, ఆ తర్వాతే వెనక్కి కదులుతుంది. ఆ నిలబడ్డ క్షణాల్లోనే తెగెట్‌హోఫ్ తన ‘ఫెర్డినాండ్ మాక్స్’ని 11.5 నాట్ల (గంటకి దాదాపు 21 కిలోమీటర్ల) వేగంతో తెచ్చి దాని ఎడమ పక్కన గుద్దాడు. గుద్ది వెనక్కి లాగాడు. లోపల దిగిన ముక్కు బయటికొచ్చాక నీళ్లకి అడ్డేముంటుంది? ఓడ ఒక పక్కకి ఒరిగి, మళ్లీ రెండో పక్కకి పడిపోయి, మూడు నిమిషాలు తిరక్కుండా మునిగిపోయింది. నాలుగు వందల మంది దాకా పోయారు. అడుగున బాయిలర్ల దగ్గర ఉన్నవాళ్లకి గుద్దింది ఎవరో కూడా తెలిసి ఉండదు. ఇంజన్ రివర్స్ తిప్పుతూనే పోయి ఉంటారు. నేను చాలా ఏళ్లు కూర్చున్న చోటు అది.

ఆ నాలుగు వందల మందిలో కాఫ్ఫి ఒకడు. వయసు 56. మ్యూజియంలో ఆ చీటీ చదివిన రోజు నా వయసూ 56.

ఇంకో సంగతి. ఆస్ట్రియా నౌకాదళంలో నావికులు చాలామంది వెనిస్, ఇస్ట్రియా, డాల్మేషియా తీరాల వాళ్లే. ఓడల మీద వాడేది వెనిస్ యాస. అంటే వెనిస్ కోసం వెళ్లినవాణ్ణి ముంచిన ఓడ మీద వినపడిన మాటలు వెనిస్ మాటలే. ఇదంతా జరిగిన మూడు నెలలకి, ప్రష్యా గెలిచిన పుణ్యమా అని వెనిస్ ఎలాగూ ఇటలీకి వచ్చేసింది. నవంబర్ 7న ఇటలీ రాజుగారు ఊళ్లోకి ఊరేగింపుగా వచ్చారు. పెర్సానోని మరుసటి ఏడాది సెనేట్ విచారించి పదవి పీకేసింది.

లిస్సా యుద్ధాన్ని తర్వాత వేరేవాళ్లు చాలామంది వేశారు. గుద్దే ఓడ, ఒరిగే ఓడ, ఎగిరే జెండా. వాటిలో కొన్ని నిజంగానే బాగుంటాయి. కానీ ఆ యుద్ధం కోసం ఓడెక్కినవాడు దాన్ని వెయ్యలేదు. కొర్రేర్‌లో చివరి గదికి వచ్చాక నేను వెనక్కి తిరిగి మళ్లీ మొదటినుంచి నడిచాను, ఏదైనా వదిలేశానేమో అని.

ఇన్ని బొమ్మలు ఒకచోట ఉండడానికి కారణం ఆయన భార్య వర్జీనియా. ఒక్కొక్కటీ అమ్ముకుంటే బాగానే డబ్బొచ్చేది. ఆవిడ 1889లో నూట యాభైకి పైగా చిత్రాలని వెనిస్ నగరానికి ఇచ్చేసింది. మీరు అచ్చేసిన మర్ఘెరా బొమ్మ కూడా ఆ నగర మ్యూజియాలదే. వ్యాసంలో ఆవిడ పేరు లేదు. తర్వాతిసారి రాస్తే చేర్చండి.

వ్యాసం చివర ‘ఫొటో వచ్చాక చిత్రకారుడు చోటుకి వెళ్లే అవసరం తీరిపోయింది’ అన్నారు. 1866కి ఫొటో వచ్చి పాతికేళ్లు దాటింది. అయినా యుద్ధం మధ్యలో పరిగెత్తే ఓడని, పొగలో మంటని పట్టుకోవడం అప్పటి కెమెరాలకి చాలా కష్టం. మామూలుగా పెట్టె ముందు కదలకుండా కూర్చోవాలి. కాబట్టి అవసరం తీరలేదు. తీరి ఉన్నా ఈయన ఇంట్లో కూర్చునేవాడు కాదని నా నమ్మకం.

ఉత్తరం పొడుగైపోయింది. మొత్తం వెయ్యనక్కర్లేదు. బొమ్మలు వేసినప్పుడల్లా ఏ ఏడు వేసింది, ఏ ఊరిది, ఇప్పుడెక్కడ ఉంది, ఈ మూడూ చిన్న అక్షరాల్లో వేస్తే నాలాంటివాళ్లకి మేలు. అలాగే అంచులు కత్తిరించకండి. మీరు కత్తిరించిన కింది భాగంలోనే నీళ్లున్నాయి. వీలైతే వచ్చే ఆదివారం ఒక మూల ఈ సవరణ వెయ్యండి: ‘మర్ఘెరా కోటపై రాత్రి బాంబుల దాడి, 1849, వెనిస్. చిత్రకారుడు: ఇప్పోలితో కాఫ్ఫి.’

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెరైన్ ఇంజనీరు,
భీమునిపట్నం